ఇంట్లో దొరికిన ఫ్రెంచి ‘కొత్త ఫ్రాంకు’ నోటు: గుర్తించడం, పరీక్షించడం, దాచుకోవడం ఎలా?

"తాతగారి పెట్టెలో నెపోలియన్ బొమ్మున్న నోటు దొరికింది, ఎంతొస్తుంది?" నోట్లు సేకరిస్తానని తెలిసినవాళ్లంతా నన్ను అడిగే ప్రశ్న ఇది. యానాం నుంచి అడుగుతారు, పుదుచ్చేరిలో చదువుకున్నవాళ్లు అడుగుతారు, పారిస్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారం సంతలో నోటు కొన్న కుర్రాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. నోటు పక్కన పెట్టుకుని చదివితే గంటలో పని అయిపోతుంది.

ముందే ఒక మాట. చదవడం పూర్తయ్యేదాకా ఆ నోటును తుడవకండి, మడతలు సరిచేయకండి, పుస్తకం కింద పెట్టి నొక్కకండి. నా దగ్గరికి వచ్చిన మంచి నోట్లలో చాలావాటి విలువ పోయింది వయసువల్ల కాదు, దొరికిన రోజు ఎవరో ప్రేమగా శుభ్రం చేయడంవల్ల.

ఇది ఏ నోటు, క్లుప్తంగా

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్సులో ధరలు పెరిగి పెరిగి, చిన్న కొనుగోలుకు కూడా వందల ఫ్రాంకులు లెక్కపెట్టాల్సి వచ్చేది. 1958 డిసెంబరులో ద గోల్ ప్రభుత్వం ఫ్రాంకు విలువను తగ్గించి, దాంతోపాటు కొత్త ఫ్రాంకును ప్రకటించింది. అప్పటి ఆర్థిక మంత్రి ఆంత్వాన్ పినే, ఆ ప్రణాళిక వెనక ఉన్న ఆర్థికవేత్త జాక్ రూఎఫ్. 1960 జనవరి 1 నుంచి పాత 100 ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంకు అయ్యాయి. నోట్ల మీద ‘నూవో ఫ్రాంక్’ అనీ, పొట్టిగా ఎన్.ఎఫ్. అనీ వేశారు.

మన పెద్దవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. 1957 ఏప్రిల్‌లో మనకు అణాలు పోయి ‘నయా పైసలు’ వచ్చాయి, 1964లో ఆ ‘నయా’ రాలిపోయి వట్టి పైసలు మిగిలాయి. ఫ్రాన్సులోనూ అంతే. 1963 నుంచి ‘కొత్త’ అన్న మాట తీసేసి వట్టి ఫ్రాంకు అన్నారు. మన ఇళ్లలో పావలా, బేడ లెక్కలు చాలాకాలం నడిచినట్టే, అక్కడి ముసలివాళ్లు కూడా దశాబ్దాల తరబడి పాత ఫ్రాంకుల్లోనే లెక్క చెప్పుకున్నారు.

కావలసినవి

- పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం. నగల షాపులో వాడేది చాలు.
- మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న స్కేలు
- చిన్న టార్చి, లేదా ఫోన్ లైటు
- నోట్లు పరీక్షించే చిన్న యూవీ లైటు. లేకపోయినా పని ఆగదు.
- శుభ్రమైన తెల్ల కాగితం, దాని కింద గట్టి అట్ట
- పాలిస్టర్‌తో చేసిన పారదర్శక కవరు. కలెక్టర్లు దీన్నే మైలార్ కవరు అంటారు.
- కడిగి, పూర్తిగా ఆరిన చేతులు

గ్లవుజులు అక్కర్లేదు. గుడ్డ గ్లవుజులతో కాగితం అంచు చేతికి తెలియదు, చిరుగు ఉంటే ఇంకాస్త చిరుగుతుంది. ఆరిన వేళ్లతో రెండు అంచులూ పట్టుకోండి. ఫ్యాను ఆపేయండి.

1. ఏ నోటో గుర్తించండి

కొత్త ఫ్రాంకుల్లో అచ్చైన నోట్లు అయిదు రకాలు. ముందువైపు బొమ్మనూ కొలతనూ కలిపి చూస్తే పొరపాటు జరగదు.

- 5 కొత్త ఫ్రాంకులు: విక్టర్ హ్యూగో, అదే బొమ్మలో ఆయన వెనకాల పారిస్‌లోని పాంథెయాన్. 140 × 75 మి.మీ. 1959 నుంచి 1965 వరకు తేదీలుంటాయి.
- 10 కొత్త ఫ్రాంకులు: కార్డినల్ రిషెల్యూ. 150 × 80 మి.మీ. 1959–1963.
- 50 కొత్త ఫ్రాంకులు: నాలుగో హెన్రీ రాజు, ఆయన వెనకాల పోఁ నఫ్ వంతెన. 160 × 85 మి.మీ. 1959–1961.
- 100 కొత్త ఫ్రాంకులు: యువకుడైన నెపోలియన్ బోనపార్ట్, ఆయన వెనకాల ఆర్క్ ద త్రియోంఫ్. 172 × 92 మి.మీ. 1959–1964.
- 500 కొత్త ఫ్రాంకులు: నాటక రచయిత మోలియేర్. 182 × 97 మి.మీ. 1959–1966.

ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే పట్టించుకోవద్దు. రెండు మూడు తగ్గితే మాత్రం, నలిగిన అంచును ఎవరో కత్తిరించి నీటుగా చేశారని అర్థం. నాలుగు పక్కలా తెల్ల అంచు వెడల్పు పోల్చి చూస్తే ఏ పక్క కత్తెర పడిందో తెలుస్తుంది.

చాలామంది తడబడేది తేదీ దగ్గర. "1963లోనే ‘కొత్త’ తీసేశారంటున్నారు, నా నోటు మీద 1964 ఉంది, అంటే నకిలీయేనా?" అని టెన్షన్ పడతారు. పడనక్కర్లేదు. చట్టంలో పేరు మారినా, పాత నమూనా అచ్చు ఆపకుండా కొన్నేళ్లు నడిచింది. పైన ఇచ్చిన పరిధిలో తేదీ ఉంటే సరే. తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉంటుంది. 5-3-1959 అంటే మార్చి 5, మే 3 కాదు.

2. అదనపు ముద్ర ఉందేమో చూడండి

అసలు వేట ఇక్కడ. కొత్త నోట్లు సిద్ధమయ్యేలోపు, పాత ఫ్రాంకుల నోట్ల మీదే అది ఎన్ని కొత్త ఫ్రాంకులకు సమానమో తెలిపే ముద్ర కొట్టి వదిలారు. 500 హ్యూగో మీద 5, 1000 రిషెల్యూ మీద 10, 5000 హెన్రీ మీద 50, 10,000 బోనపార్ట్ మీద 100. అంటే ఒకే నోటు మీద రెండు విలువలు కనిపిస్తాయి. ఇవి మామూలువాటికన్నా అరుదు, కలెక్టర్లు వెతికేది వీటినే. ప్రపంచ కాగితపు నోట్ల కేటలాగులో ఇవి పిక్ 137 నుంచి 140 వరకు, ముద్ర లేకుండా నేరుగా కొత్త ఫ్రాంకుల్లో అచ్చైనవి 141 నుంచి 145 వరకు. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఈ నంబరు చెబితే గందరగోళం ఉండదు.

అరుదైనదానికి నకిలీ తప్పదు. మామూలు పాత నోటు తీసుకుని దానిమీద ముద్ర కొట్టి అమ్మేవాళ్లున్నారు. భూతద్దంతో ఈ మూడూ చూడండి.

మొదటిది, ముద్ర గీతల అంచులు. అసలు ముద్ర అచ్చుయంత్రం మీద పడింది కాబట్టి గీత నిండుగా ఉంటుంది. ఇంక్‌జెట్‌తో వేసినదైతే గీత లోపల రంగురంగుల చిన్న చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. రబ్బరు స్టాంపుదైతే అంచుల్లో సిరా గట్టుకట్టి, మధ్యలో పలచగా ఉంటుంది.

రెండోది, మడతలు ఉన్నచోట ముద్ర ఎలా ఉందో చూడండి. నాకు తెలిసి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు. నోటు చేతులు మారేకొద్దీ మడత దగ్గర కాగితంతోపాటు సిరా కూడా అరుగుతుంది. మడత మీదుగా వెళ్లే గీతలో సన్నని తెల్లచార ఉండాలి. నోటంతా నలిగి, మడతలో మిగతా బొమ్మ అరిగిపోయి, ముద్ర ఒక్కటే చెక్కుచెదరకుండా మడతను దాటిపోతోందంటే అది మడత తర్వాత కొట్టిన ముద్ర. సిరా మడత గాడిలోకి దిగి పీచులోకి పాకినా అంతే.

మూడోది తేదీ. ముద్ర కొట్టింది పాత నమూనాల చివరి అచ్చుల మీద. 1953, 1954 తేదీల హ్యూగో మీదో రిషెల్యూ మీదో కొత్త ఫ్రాంకుల ముద్ర కనిపిస్తే డబ్బు జేబులోంచి తీయకండి. అలాగని 1957 తేదీ ఉన్న రిషెల్యూ మీద ముద్ర చూసి కంగారుపడకండి, అది సరైనదే. తేదీ పాత నోటు అచ్చుది, ముద్ర తర్వాత పడింది.

3. ఏ బ్యాంకు నోటో చదవండి

పైన ‘బాంక్ ద ఫ్రాన్స్’ అని ఉందా? లేకపోతే మీ చేతిలో ఉన్నది వేరే కథ. అల్జీరియాకు అక్కడి బ్యాంకు విడిగా కొత్త ఫ్రాంకుల నోట్లు వేసింది. రీయూనియన్ దీవికీ, సెయింట్ పియేర్ అండ్ మికెలాన్‌కూ ముద్ర కొట్టిన నోట్లున్నాయి, కానీ అక్కడి లెక్క వేరు. వాళ్లు వాడిన ఫ్రాంకు విలువ ఎక్కువ కాబట్టి 50కి ఒకటి చొప్పున మార్చారు. అందుకే 50 ఫ్రాంకుల మీద ఒక కొత్త ఫ్రాంకు, 500 మీద 10 కనిపిస్తుంది. 100కి ఒకటి లెక్క తప్పిందని వాటిని నకిలీ అనుకుని పారేయకండి. కొన్ని మంచి ధర పలుకుతాయి.

యానాం పాఠకులకు ప్రత్యేకంగా. "ఇది యానాంలో చలామణీ అయిన నోటు" అని చెప్పి ఎక్కువ ధర అడిగితే నమ్మకండి. ఫ్రెంచి పాలనలో యానాంలో నడిచింది రూపాయి. బాంక్ ద లాందోషీన్ వేసిన రూపాయి నోట్లు వేరు, వాటి సేకరణ వేరు. 1954లోనే యానాం భారత పాలనలోకి వచ్చింది, కొత్త ఫ్రాంకు పుట్టింది ఆ తర్వాత. మీ ఇంట్లో ఈ నోటు ఉందంటే ఫ్రాన్సుకు వెళ్లొచ్చినవాళ్లో, అక్కడున్న చుట్టాలో తెచ్చి ఉంటారు. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటే ఒక కాగితం మీద రాసి నోటుతోపాటు పెట్టండి. కవరు బయట సుమా, లోపల కాదు.

4. వాటర్‌మార్కు, నంబర్లు

నోటును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టండి. ఖాళీగా ఉన్న తెల్లచోటులో ముఖం కనిపించాలి. కాగితం తయారయ్యేటప్పుడే మందం తేడాతో ఏర్పడిన బొమ్మ కాబట్టి వెలుగునీడలు ఒకదాంట్లోకి ఒకటి మెల్లగా కలిసిపోతాయి. ఇప్పుడు నోటును బల్లమీద పరిచి చూడండి. వెనక వెలుతురు లేకుండానే బొమ్మ బూడిదరంగులో కనిపిస్తోందంటే అది పైన అచ్చేసిన బొమ్మ.

తర్వాత నంబర్లు. నోటు మీద ఒక అక్షరం, దాని పక్కన అంకె, విడిగా అయిదంకెల నంబరు ఉంటాయి. ఇవి కాక పొడవాటి నంబరు ఇంకొకటి ఉంటుంది. ఆ పొడవాటి నంబరు చివరి అయిదంకెలు, విడిగా ఉన్న అయిదంకెల నంబరుతో సరిపోవాలి. ఉదాహరణకు ఒకచోట 38215 ఉంటే పొడవాటి నంబరు కూడా 38215తోనే ముగియాలి. రెండు నోట్ల ముక్కలు అతికించినవాటిని, నంబరు దిద్దినవాటిని పట్టుకోవడానికి ఇది అర నిమిషం పని. అయినా చాలామంది చూడరు.

యూవీ లైటు ఉంటే చీకటి గదిలో వేయండి. ఆ కాలపు కాగితం మెరవకుండా, మసకగా ఉండిపోవాలి. నీలంగా మెరిసిపోతే రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ఇప్పటి కాగితం మీద చేసిన నకిలీ. రెండోది, అసలు నోటునే డిటర్జెంటుతో ఉతకడం. డిటర్జెంటులో బట్టలను తెల్లగా చూపించే పదార్థమే యూవీ కింద మెరుస్తుంది. కాబట్టి మెరిసిన ప్రతి నోటూ నకిలీ అనుకోకండి. వాటర్‌మార్కు బాగుండి నోటు మెరుస్తోందంటే అది స్నానం చేసి వచ్చిన నోటు.

5. వంద బోనపార్ట్ అయితే మరో మాట

ఈ నోటుకు ఒక చరిత్ర ఉంది. పోలండులో పుట్టిన చెస్వావ్ బోయార్‌స్కీ అనే ఇంజనీరు పారిస్ శివార్లలోని మోంజెరాన్‌లో తన ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఈ వంద నోటును నకలు చేశాడు. కాగితం కూడా తనే తయారుచేసుకున్నాడు, అందులో వాటర్‌మార్కుతో సహా. అంతకుముందు పాత ఫ్రాంకుల నోట్లు కూడా చేశాడు. 1964 జనవరిలో పట్టుబడ్డాడు, 1966లో ఇరవై ఏళ్ల శిక్ష పడింది.

అతని నోట్లకు ఇప్పుడు కలెక్టర్లలో అసలు నోటును మించిన గిరాకీ ఉంది. దీన్ని ఆసరా చేసుకుని "ఇది బోయార్‌స్కీది" అని ఏ నాసిరకం నకిలీనో అంటగట్టేవాళ్లు తయారయ్యారు. మీకు నా సలహా ఒక్కటే. ఇంట్లో కూర్చుని ఆ తేడా తేల్చే ప్రయత్నం చేయకండి. మీ బోనపార్ట్‌లో ఏదో తేడాగా అనిపించినా పారేయకండి, చింపకండి. రెండువైపులా స్కాన్ చేసి, ఫ్రెంచి నోట్లలో అనుభవం ఉన్న నిపుణుడికి చూపించండి. నిపుణుడి కాగితం లేకుండా ఆ పేరు మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

6. పిన్ను రంధ్రాలు లెక్కపెట్టండి

ఫ్రెంచి నోట్లకున్న ప్రత్యేకమైన జబ్బు ఇది. అక్కడి బ్యాంకుల్లో నోట్లను కట్టలు కట్టేటప్పుడు గుండుసూది గుచ్చేవాళ్లు. అందుకే ఎవరి చేతిలోనూ నలగని, పెళపెళలాడే నోటుకు కూడా రెండు మూడు చిల్లులుంటాయి. మన దగ్గర పాత వంద కట్టలకు స్టేపుల్ కొట్టేవాళ్లు గుర్తుందా, అలాంటిదే, కాకపోతే ఇవి సన్నగా ఉంటాయి.

గది లైటు ఆపి, నోటు వెనక టార్చి పట్టి మెల్లగా ఒక చివర నుంచి మరో చివరకు జరపండి. అంచుకు దగ్గరగా, ఎక్కువగా ఎడమవైపు, చుక్కల్లా వెలుగు బయటికి వస్తుంది. ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి. మామూలు వెలుతురులో చూసి "ఒక్కటి కూడా లేదు" అని చెప్పి తర్వాత మాట పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఒక రంధ్రాన్ని భూతద్దంతో దగ్గరగా చూడండి. సూది దిగినవైపు కాగితం లోపలికి కుంగి, రెండోవైపు సన్నని పీచు పైకి లేచి ఉంటుంది. ఆ పీచు అరిగి, రంధ్రం చుట్టూ తుప్పు మరక ఉంటే పాత సూదిదే. చుట్టూ కాగితం నున్నగా, మెరుస్తూ, టార్చి వెలుగులో అక్కడొక్కచోట నల్లగా కనిపిస్తే రంధ్రాన్ని కాగితపు గుజ్జుతో పూడ్చారన్నమాట. పూడ్చిన నోటుకన్నా చిల్లులున్న నోటే మేలు. చిల్లు సహజం, పూడిక మోసం.

7. గ్రేడు వేయండి

ఫ్రెంచివాళ్ల వరుస కింద నుంచి పైకి: బో, త్రె బో, త్రె త్రె బో, సుపెర్బ్, స్ప్లాండీద్, న్యోఫ్. ‘బో’ అంటే అందమైనది అని అర్థం కానీ, ఆ పేరు చూసి మోసపోకండి, నిజానికి అది బాగా నలిగిన నోటు. న్యోఫ్ అంటే కొత్తది, ఒక్క మడతా ఒక్క పిన్ను రంధ్రమూ ఉండకూడదు. పిన్ను గుచ్చారు కానీ వాడలేదు అన్న నోటు స్ప్లాండీద్ దగ్గర ఆగిపోతుంది.

నోటును అట్టమీద పెట్టి, టార్చిని పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి వేయండి. పైనుంచి కనిపించని మడతలన్నీ నీడగీతల్లా లేచి వస్తాయి. మధ్యలో నిలువు మడత ఒక్కటే ఉండి, అక్కడ సిరా అరగకపోతే సుపెర్బ్ దాకా అనుకోవచ్చు. నాలుగైదు మడతలు, కాస్త మురికి, కానీ కాగితంలో బిగువు ఉంటే త్రె త్రె బో. మడతలు కలిసేచోట చిల్లు పడి, అంచులు చిరిగి, కాగితం గుడ్డలా వాలిపోతే త్రె బో, ఇంకా కింద.

మన నోటు మనకు ముద్దు. అందుకే మీరు వేసిన గ్రేడుకు ఒక మెట్టు కిందిదాన్ని అసలు గ్రేడు అనుకోండి. ఇంట్లో ఇంకెవరికైనా నోటు ఇచ్చి "దీంట్లో లోపాలు చెప్పు" అని అడగండి. వాళ్లు చెప్పిన లిస్టు మీదానికన్నా పొడుగ్గా ఉంటుంది.

ఇస్త్రీ చేసిన నోటు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నేనే దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ‘వాడని నోటు’ అన్న మాట నమ్మి 10 రిషెల్యూ కొన్నాను. ఫోటోలో అద్దంలా ఉంది. కవరు విప్పగానే సన్నగా బట్టల సబ్బు వాసన. పక్కనుంచి టార్చి వేస్తే, నొక్కి చదును చేసిన మూడు నిలువు మడతలు పలచటి గీతల్లా బయటపడ్డాయి. అంచు దగ్గర కాగితం ఊదితే లేచే దూదిలా పీచుపీచుగా ఉంది. కార్డినల్ గారి ఎర్రటి బట్టల రంగు పక్కన పెట్టిన మామూలు నోటుతో పోలిస్తే ఒక ఛాయ వెలిసిపోయింది. వేళ్లమధ్య మెల్లగా కదిపితే పెళపెళ మనాల్సిన కాగితం చప్పుడే చేయలేదు. ఆ నోటు ఇప్పటికీ నా దగ్గరుంది, కొత్తవాళ్లకు చూపించడానికి దాచాను.

ఇప్పుడు మీరు కొనేముందు అమ్మేవాళ్లను మూడు అడగండి: పక్కనుంచి వెలుతురు వేసి తీసిన ఫోటో, వెనకనుంచి వెలుతురు వేసి తీసిన ఫోటో, కడగలేదు నొక్కలేదు అని రాతలో హామీ. మూడోది ఇవ్వడానికి తటపటాయిస్తే వదిలేయండి.

8. ధర తెలుసుకోండి

ముందుగా, ఫ్రాన్సు బ్యాంకు దీన్ని మార్చి ఇవ్వదు. ఫ్రాంకుల చివరి నోట్లను యూరోల్లోకి మార్చుకునే గడువు కూడా 2012 ఫిబ్రవరి 17తో ముగిసిపోయింది. ఒక యూరోకు 6.55957 ఫ్రాంకుల లెక్క వేసి "వంద కొత్త ఫ్రాంకులకు పదిహేను యూరోలు" అని ఆశపడేవాళ్లున్నారు. ఆ లెక్క ఈ నోటుకు పనికిరాదు. దీనికి ఉన్నది కలెక్టర్ ఇచ్చే ధర మాత్రమే.

ఆ ధర ఎలా కనుక్కోవాలి? అమ్మకానికి పెట్టిన ధరలు చూడొద్దు, ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. వేలం సంస్థల సైట్లలో అమ్ముడైపోయినవాటి విభాగం ఉంటుంది. అక్కడ మీ నోటు పిక్ నంబరు, మీరు వేసిన గ్రేడు, తేదీ కలిపి వెతకండి. కనీసం అయిదారు ఫలితాలు చూసి, అన్నిటికన్నా ఎక్కువ ధరనూ తక్కువ ధరనూ పక్కనపెట్టి మిగతావి చూసుకోండి. ఆ ధరలో కొనేవాళ్ల కమిషన్ కలిసి ఉందో లేదో కూడా గమనించండి, చేతికి వచ్చేది దానికన్నా తక్కువ ఉంటుంది.

గ్రేడు ఒక మెట్టు మారితే ధర రెట్టింపు కావచ్చు, సగమూ కావచ్చు. అదే రకంలో మొదటి తేదీ, చివరి తేదీ నోట్లకు కొందరు ఎక్కువ పెడతారు. అన్నిటికన్నా సులువుగా దొరికేది నలిగిన 5 హ్యూగో, 10 రిషెల్యూ. వాటితో ఇల్లు కొనలేరు, కానీ సేకరణ మొదలుపెట్టడానికి వాటికి మించినవి లేవు.

హెచ్చరిక: "మీ పాత నోటుకు లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే వెంటనే పెట్టేయండి. రిజర్వు బ్యాంకు పేరూ, లోగో చూపించి ఇలా వసూలు చేస్తున్నారని, తాము అలాంటి లావాదేవీల్లో లేమని ఆ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. నోటు కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర అడగడు.

అమ్మాలనుకుంటే రెండువైపులా 600 డీపీఐలో స్కాన్ చేయండి. స్కానర్ అద్దం ముందు తుడవండి, నోటును కవరులోంచి తీయకుండానే చేయొచ్చు. పిన్ను రంధ్రాలు, మడతలు, చిరుగులు అన్నీ మీరే ముందుగా రాయండి. ఇండియాలో ఫ్రెంచి నోట్లు కొనేవాళ్లు తక్కువ, ఫ్రాన్సులో ఎక్కువ. తొందర లేకపోతే అక్కడున్న బంధువు వచ్చేదాకా ఆగడం పోస్టులో పంపడంకన్నా నయం.

9. దాచడం

కాకినాడ, విశాఖ, యానాం, మచిలీపట్నం, ఎక్కడైనా మన తీరంలో గాలిలో తేమే పెద్ద శత్రువు. మూడు నాలుగు వర్షాకాలాలు బీరువాలో ఊరికే పడి ఉన్న నోటు మీద గోధుమరంగు చుక్కలు మొదలవుతాయి. ఒకసారి వచ్చాక పోవు.

నోటును మడవకుండా, దానికన్నా కాస్త పెద్ద పాలిస్టర్ కవరులో పెట్టండి. 100, 500 నోట్లు పెద్దవి, మన నోట్ల కోసం చేసిన కవర్లలో పట్టవు, కొనేముందు కొలుచుకోండి. మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే ఆల్బమ్ పేజీలు పీవీసీవి. కొన్నాళ్లకు అవి జిగురెక్కి సిరాను లాగేస్తాయి. కవరును మందపాటి అట్టల మధ్య పెట్టి, మూత బిగుసుకునే డబ్బాలో నిటారుగా ఉంచండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, అది నోటుకు తగలకుండా చూసుకోండి.

చేయకూడనివి: లామినేషన్ అసలే వద్దు, చేయించిన రోజే నోటు ధర సున్నా. సెల్లోటేపుతో చిరుగు అతికించకండి. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి కాగితానికీ ప్లాస్టిక్‌కూ మంచిది కాదు. పురుగుల భయం ఉంటే బీరువా అడుగు అర శుభ్రంగా తుడిచి, పాత న్యూస్‌పేపర్లు తీసేయండి, సిల్వర్‌ఫిష్ పురుగులు వాటిలోనే గుడ్లు పెడతాయి. గోడమీద ఫ్రేము కట్టించాలని ఉంటే మంచి రంగు ప్రింటు తీసి దాన్ని కట్టించండి.

వానలు పూర్తిగా తగ్గి గాలి పొడిబారాక, ఏటా ఒకసారి డబ్బా తెరవండి. నోటును కవరులోనే ఉంచి రెండువైపులా ఫోటో తీసి, పోయినేడాది ఫోటో పక్కన పెట్టి పోల్చండి. కొత్త చుక్క ఏదైనా కనిపిస్తే కవరు మార్చి, సిలికా జెల్ కొత్తది వేసి, నెల తర్వాత మళ్లీ చూడండి.